ప్రెసిడెంటు ఎవరో సరే, చెక్కు మీద సంతకం ఎవరిది?

విశాఖలో మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ వైపు ఈ మధ్య ఏ కొత్త అపార్ట్‌మెంటుకు వెళ్లినా ఒకటే సందడి. బిల్డరు తాళాలిచ్చి తప్పుకున్నాడు, సంఘం రిజిస్టరు చేయించాలి, కమిటీ వేసుకోవాలి. ఆదివారం పొద్దున్న సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి. ఇడ్లీలు అయ్యాక ఎవరో ఒకరు లేచి, "మన స్టీల్‌ప్లాంటు సారున్నారు కదండీ, ఆయన్నే ప్రెసిడెంటుగా పెట్టేద్దాం" అంటారు. చప్పట్లు కొడతారు. అయిదు నిమిషాల్లో పని తేలిపోతుంది. ఏడాది తిరక్కుండానే అదే సెల్లార్లో అదే సారుని నిలబెట్టి లిఫ్టు రిపేరు బిల్లు ఎక్కడిదని అడుగుతారు.

నేను పోర్టులో లెక్కల విభాగంలో చేసి రిటైరయ్యాను. మా అపార్ట్‌మెంట్లో రెండు దఫాలు కోశాధికారిగా, ఒకసారి కార్యదర్శిగా ఉన్నాను. ప్రెసిడెంటుగా చేయలేదు, చేయను కూడా. కొత్తగా కమిటీ వేసుకునేవాళ్లు పోయినేడు నలుగురైదుగురు వచ్చి సలహా అడిగారు. అందరూ అడిగింది ఒకటే: "ఎన్నిక పెట్టాలా, ఏకగ్రీవంగా కానిచ్చేయాలా?" ఎవరికి ఏ పని అప్పజెప్పాలని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు తెలిసినంతలో గొడవలన్నీ పుట్టేది అక్కడే. అందుకని ముందు పనుల సంగతి చెప్పి, తర్వాత ఎన్నిక దగ్గరికి వస్తాను.

తీర్మానించేవారు, అమలుచేసేవారు

మన ఊళ్లోనే ఉన్న పెద్ద సంస్థలు చూడండి. జీవీఎంసీలో, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థలో, మేయరు కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు. తీర్మానం అయ్యాక దాన్ని అమలు చేయాల్సింది కమిషనరు. 1979లో విశాఖ నగరపాలక సంస్థ చట్టం వచ్చినప్పటి నుంచి ఈ విభజనే నడుస్తోంది. సింహాచలం దేవస్థానంలో ధర్మకర్తల మండలి ఒకవైపు, రోజువారీ పాలన చూసే కార్యనిర్వహణాధికారి ఒకవైపు. చివరికి మీ వీధిలోని సర్కారు బడిలో కూడా ఇదే పద్ధతి. విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఛైర్మన్, వైస్ ఛైర్మన్ తల్లిదండ్రుల్లోంచే వస్తారు. కాగితాలు నడిపేది మాత్రం కన్వీనరుగా ఉండే హెడ్మాస్టరు.

మూడు చోట్లా ఒకటే ఏర్పాటు. సరే అనేవారు వేరు, చేసేవారు వేరు. మన అపార్ట్‌మెంట్లకు వచ్చేసరికి ఈ గీత చెరిగిపోతుంది. ప్రెసిడెంటే ప్లంబరును పిలుస్తాడు, ప్రెసిడెంటే రేటు మాట్లాడతాడు, ప్రెసిడెంటే డబ్బిస్తాడు, మళ్లీ ఆయనే మీటింగులో అధ్యక్షత వహించి ఆ ఖర్చును ఆమోదింపజేసుకుంటాడు. మనిషి ఎంత మంచివాడైనా సరే, ఈ నాలుగూ ఒకచోట చేరాక అనుమానం రాక మానదు.

కాబట్టి ఒక్క కాగితం తీసుకుని పేర్లు రాయకుండా పనులు రాయండి. నీళ్ల ట్యాంకరుకు ఫోన్ చేసేదెవరు? వాచ్‌మన్‌కు సెలవిచ్చేదెవరు? అయిదు వేల లోపు ఖర్చుకు ఎవరి మాట చాలు, యాభై వేలు దాటితే ఎవరెవరు సరే అనాలి? లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కాగితం ఎవరి బీరువాలో ఉండాలి? మెయింటెనెన్స్ కట్టని ఫ్లాటు తలుపు కొట్టేదెవరు? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు రాయకపోతే ఆ పని ఏడాదంతా ఎవరూ చేయరు, రాసి పెట్టుకోండి.

సంతకం ఇద్దరిదా, ముగ్గురిలో ఇద్దరిదా

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు. అప్పుడు కోశాధికారిని నేనే. మా బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, చెక్కు మీద ప్రెసిడెంటు, కోశాధికారి ఇద్దరి సంతకాలూ తప్పనిసరి. ప్రెసిడెంటుగారు బెంగుళూరులో కూతురింట్లో ఉన్నారు. విమానాశ్రయం దెబ్బతింది, ఫోన్లు లేవు, కరెంటు రోజుల తరబడి రాలేదు. జనరేటరుకు డీజిల్ కావాలి, లేకపోతే బోరు మోటారు తిరగదు, పైఅంతస్తుల్లో ఉన్న ముసలివాళ్లకు చుక్క నీళ్లుండవు. అసలు ఏటీఎంలే పనిచేయనప్పుడు చెక్కు ఉన్నా ఏం చేస్తామన్నది వేరే సంగతి. చేతిలో సంఘం డబ్బు వెయ్యి రూపాయలు కూడా లేదు. ఇంటికి అయిదొందల చొప్పున ఒక స్టీలు బకెట్లో వేయించి డీజిల్ కొన్నాం. గొప్పగా గట్టెక్కాం అనుకున్నాను. వోచర్లు రాయలేదు. ఆ హడావిడిలో ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో రాసుకోలేదు. లెక్కల విభాగంలో జీతం తీసుకున్నవాణ్ణి, నేనే రాయలేదు. తర్వాత ఆరు నెలల పాటు ప్రతి మీటింగులోనూ ఆ బకెట్టు లేచింది.

అప్పటి నుంచి నా సలహా మారలేదు. సంతకాలకు ముగ్గురి పేర్లు పెట్టండి, వాళ్లలో ఏ ఇద్దరు చేసినా చెల్లేట్టు బ్యాంకులో రాయించండి. ఒక్క షరతు: ఆ ఇద్దరిలో ఒకరు కచ్చితంగా కోశాధికారి కావాలని బ్యాంకుతో అనకండి. అంటే మళ్లీ ఆ ఒక్కరి ఊరు ప్రయాణంతో అంతా ఆగిపోతుంది. బదులుగా కోశాధికారి లేనప్పుడు జరిగిన ప్రతి చెల్లింపూ తర్వాతి మీటింగులో ఆయన చదివి వినిపించాలని మీ బైలాస్‌లో రాసుకోండి. చేతిఖర్చు కింద కొంత నగదు కార్యదర్శి దగ్గర ఎప్పుడూ ఉండాలి. ఎంతన్నది మీ ఫ్లాట్ల సంఖ్యను బట్టి. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల కాలం గనక అప్పుడు కాస్త ఎక్కువ ఉంచుకోవడం విశాఖలో తెలివైన పని.

కార్యదర్శి, కోశాధికారి పదవులు ఒక్కరికే ఇవ్వొచ్చా అని చిన్న అపార్ట్‌మెంట్ల వాళ్లు అడుగుతారు. ఇరవై ఫ్లాట్ల లోపైతే మనుషులు దొరకరు, నిజమే. అయినా వద్దు. కార్యదర్శి పని పురమాయించేవాడు, కోశాధికారి దానికి డబ్బు విదిల్చేవాడు. పురమాయించినవాడే విదిలిస్తే అడిగేవాడుండడు. దానికన్నా ప్రెసిడెంటు, కార్యదర్శి పదవులు కలిపేయడం మేలు, సంతకం రెండో చేతిలో మిగులుతుంది.

ఉపాధ్యక్షుడు, సంయుక్త కార్యదర్శి లాంటి పదవులు అలిగినవాళ్లను బుజ్జగించడానికే పుట్టాయని నా నమ్మకం. పెడితే ఒక్కో పని అప్పగించి పెట్టండి. ఉపాధ్యక్షురాలు నీళ్లు చూస్తారు, సంయుక్త కార్యదర్శి పార్కింగు చూస్తారు, అలా. పని లేని పదవిలో ఉన్న మనిషి వాట్సాప్ గ్రూపులో ప్రతిపక్షమవుతాడు.

అందరూ కలిసి ప్రెసిడెంటునా, కమిటీలోంచి ప్రెసిడెంటా

ఇక ఎన్నిక. ఇక్కడ మొదటి తేడా చాలామందికి తట్టనే తట్టదు. సర్వసభ్య సమావేశంలో అందరూ కలిసి ప్రెసిడెంటు, కార్యదర్శి, కోశాధికారి అని పదవి పదవికీ ఓటు వేయొచ్చు. లేదా తొమ్మిదిమంది కమిటీని మాత్రం ఎన్నుకుని, పదవులు వాళ్లలో వాళ్లు పంచుకోమని వదిలేయొచ్చు.

విశాఖ ఈ రెండు పద్ధతులనూ మేయరు విషయంలో అనుభవించింది. 1981లో కౌన్సిల్ ఎన్నుకున్న మేయరు ఎన్.ఎస్.ఎన్. రెడ్డి. 1987లో డి.వి. సుబ్బారావు, 1995లో సబ్బం హరి, 2000లో రాజాన రమణి జనం నేరుగా ఓటేసి గెలిపించిన మేయర్లు. 2007లో పులుసు జనార్దనరావు దగ్గర్నుంచి మళ్లీ కౌన్సిలే ఎన్నుకుంటోంది. నేరుగా గెలిచిన మేయరుకు ఊరంతా ఓటరే కాబట్టి ధైర్యం ఎక్కువ. కార్పొరేటర్లలో సగం మంది కాదన్నా కుర్చీ కదలదు. కౌన్సిల్ ఎన్నుకున్న మేయరుకు ఆ ధీమా ఉండదు. 2025 ఏప్రిల్ 19న అవిశ్వాస తీర్మానం పెట్టినప్పుడు మూడింట రెండొంతులకు 74 ఓట్లు కావాల్సి వచ్చింది, సరిగ్గా 74 పడ్డాయి. అప్పటి మేయరు గొలగాని హరి వెంకట కుమారి దిగిపోయారు, అదే నెల 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. ఏ పార్టీది న్యాయం అన్న చర్చ నాకొద్దు. ఒక్క ఓటు అటూ ఇటూ అయితే ఊరి పాలన మారిపోయే పద్ధతి అది. దానికి వేరే మంచి కూడా ఉంది. పైనున్నాయన మాట వినకపోతే దించే దారి తెరిచే ఉంటుంది.

అపార్ట్‌మెంటుకు ఏది? నేరుగా గెలిచిన ప్రెసిడెంటు కమిటీని లెక్కచేయకపోవడం నేను చూశాను. "నన్ను అందరూ ఎన్నుకున్నారు, మీరెవరు?" అనేశాడొకాయన. కమిటీ ఎన్నుకున్న ప్రెసిడెంటు మాత్రం ప్రతి సంతకానికీ ఎనిమిదిమంది మొహాలు చూడాల్సి వచ్చింది, అయిదారు నెలలకే విసిగిపోయాడు. రెంటినీ కలిపే ఏర్పాటొకటి మా దగ్గర నడిచింది. కమిటీని అందరూ ఎన్నుకోవాలి. ప్రెసిడెంటును, కార్యదర్శిని కమిటీ తనలోంచి ఎంచుకోవాలి. కోశాధికారిని మాత్రం సర్వసభ్య సమావేశం నేరుగా, విడిగా ఎన్నుకోవాలి. డబ్బు చూసేవాడు ప్రెసిడెంటుకు కాక సభ్యులకు జవాబుదారీగా ఉంటాడు. ప్రెసిడెంటు ఒత్తిడి చేస్తే, "నన్ను పెట్టింది మీరు కాదండీ" అనే వీలుంటుంది. నేనలా రెండుసార్లు అన్నాను. ఒకసారి ఆయన నవ్వాడు, ఒకసారి నవ్వలేదు.

చేతులెత్తడమా, చీటీలా

జీవీఎంసీలో మేయరును చేతులెత్తి ఎన్నుకుంటారు, పార్టీ విప్ ఉంటుంది, ఎవరు ఎటున్నారో కనపడుతుంది. స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) మాత్రం రహస్య ఓటు. 2021 మార్చి ఎన్నికల్లో 98 వార్డులకు 58 గెలిచిన పార్టీకి 2024 ఆగస్టు స్థాయీ సంఘం ఎన్నికలో పది స్థానాల్లో ఒక్కటీ దక్కలేదు. చీటీ మడిచే చేతికి, గాల్లోకి లేచే చేతికి అంత తేడా.

అపార్ట్‌మెంట్లో పార్టీలు లేకపోయినా లిఫ్టు ఉంది. పొద్దున్నే లిఫ్టులో ఎదురయ్యే మనిషికి చెయ్యెత్తలేదని ఎలా మొహం చూపించడం? అందుకే చేతులెత్తే చోట మొదటి పేరే గెలుస్తుంది, రెండో పేరు చెప్పడానికే జంకుతారు. పోటీ నిజంగా ఉంటే చీటీలే పెట్టండి. అట్టపెట్టె, తెల్లకాగితాలు, పక్క అపార్ట్‌మెంటు నుంచి ఓ పెద్దమనిషి లెక్కపెట్టడానికి. అరగంట పని. ఖర్చులు, తీర్మానాల విషయంలో మాత్రం చేతులే ఎత్తాలి, ఎవరు సరే అన్నారో మినిట్స్ బుక్కులో రాయాలి. మనిషిని ఎంచుకునేటప్పుడు రహస్యం బాగుంటుంది, డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు పనికిరాదు.

ఫ్లాటుకు ఒక ఓటా, మనిషికి ఒక ఓటా అన్నది ముందే తేల్చుకోండి. అమెరికాలో, దుబాయిలో ఉన్న యజమానుల తరఫున వాళ్ల తండ్రులో, బావమరుదులో వస్తారు. కాగితం లేకుండా రానివ్వొద్దు. ఒక్క మనిషి రెండు ప్రాక్సీలకు (వేరేవాళ్ల తరఫు ఓట్లకు) మించి తేకూడదని రాసుకుంటే మంచిది. లేదంటే పది ఫ్లాట్లు అద్దెకిప్పించిన బ్రోకరుగారే కింగ్‌మేకరవుతాడు. అద్దెవాళ్లకు ఓటు ఇవ్వకపోయినా మీటింగుకు రమ్మనండి. నేవీ కుటుంబాలు బదిలీలమీద వచ్చిపోతుంటాయి కదా, నీళ్ల కష్టం అందరికన్నా ముందు చెప్పేది వాళ్లే.

ఏకగ్రీవం, వంతులు

ఏకగ్రీవం అంటే మనకు ముచ్చట. ఎవరూ నొచ్చుకోరు, చీలిక రాదు. కానీ ఏకగ్రీవం రెండు రకాలు. రెండు మూడు పేర్లు వచ్చి, మాట్లాడుకుని, ఒకరు తప్పుకుంటే అది నిజమైనది. ఒక్క పేరే వచ్చి, మిగతావాళ్లు తలలు వంచుకుంటే అది భారం దింపుకోవడం. రెండో రకంలో ఎన్నికైన మనిషి ఏదైనా అడిగితే, "మీరుంటే చాలు సార్, అంతా మీ ఇష్టం" అంటారు. లెక్క తేడా వచ్చిన రోజున ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

వంతులవారీ పద్ధతి పన్నెండు, పదహారు ఫ్లాట్ల చిన్న బిల్డింగుల్లో బాగా నడుస్తుంది. అక్కయ్యపాలెంలో, సీతమ్మధారలో పాత మూడంతస్తుల భవనాల్లో చాలాచోట్ల ఇదే. ఏడాదికో అంతస్తు. పని అందరికీ తెలుస్తుంది, విమర్శించే నోళ్లు కాస్త మెత్తబడతాయి. ఎనభై ఏళ్ల పెద్దావిడ వంతు వస్తే పక్కింటివాళ్లు చేస్తారు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఇది పనికిరాదు. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), అగ్నిమాపక అనుమతులు, జీఎస్టీ ఉన్నచోట ఏడాదికో కొత్త మనిషి నేర్చుకునేలోపే ఏడాది అయిపోతుంది. మూడొందల ఇళ్లు దాటితే నెలజీతం మీద మేనేజరును పెట్టుకుని, కమిటీ కేవలం తీర్మానించడం, తనిఖీ చేయడం వరకే ఉండాలి. మేయరు, కమిషనరు ఏర్పాటు అక్కడ బాగా అతుకుతుంది.

పేరు ఎవరిది, పదవి ఎవరిది

ఇదొక చిక్కు. ఫ్లాటు భార్య పేరున ఉంటుంది, మీటింగుకు భర్త వస్తాడు, ప్రెసిడెంటు కూడా ఆయనే అవుతాడు. రిజిస్ట్రారు కార్యాలయంలో ఇచ్చే సభ్యుల జాబితాలో ఉండేది ఆవిడ పేరు. ఎవరికైనా కోపం వచ్చిన రోజున మొదట ఎత్తేది ఈ పాయింటే, ఆయన చేసిన సంతకాలన్నీ ప్రశ్నార్థకమవుతాయి. సభ్యురాలు ఆవిడ అయితే పదవి ఆవిడకే ఇవ్వండి. పంచాయతీల్లో సర్పంచ్ భర్తలను చూసి నవ్వుకునే మనం సెల్లార్లో అదే చేస్తున్నాం. ఒక చోట ఆవిడే కోశాధికారిగా నిలబడ్డారు, బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. మూడు నెలల్లో బకాయిలన్నీ వసూలు చేసి చూపించారు. భర్తగారు ఇంకా ట్యాంకరువాడితో బేరమాడుతున్నారు.

అర్హతలు రాసుకుంటే మనుషుల వాదన కాగితం మీదకు వస్తుంది. సింహాచలంలో అనువంశిక ధర్మకర్త కుర్చీ మీద 2020లో ప్రభుత్వం జీవో ఇచ్చి మార్పు చేస్తే, 2021 జూన్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, అశోక్ గజపతిరాజు తిరిగి వచ్చారు. తరాలుగా వస్తున్న పదవికే ఆ గతి పట్టినప్పుడు నిన్న పుట్టిన సంఘంలో "అందరికీ తెలుసు కదా" అన్న మాట ఎంత దూరం వెళ్తుంది? మెయింటెనెన్స్ మూడు నెలలకు మించి బాకీ ఉన్నవాళ్లు పోటీ చేయకూడదు, బిల్డరు బంధువులు మొదటి రెండేళ్లు కోశాధికారి కాకూడదు. ఈ రెండు చాలు. అంతకుమించి పెట్టుకుంటే పోటీ చేసేవాళ్లే మిగలరు.

దిగే రోజు

2007 కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. తర్వాతి ఎన్నిక 2021లో జరిగింది. ఆ తొమ్మిదేళ్లూ నగరాన్ని అధికారులే నడిపారు. అపార్ట్‌మెంట్లో కూడా గడువు దాటిన కమిటీ "ఇంకా ఎవరూ ముందుకు రాలేదండి" అంటూ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పదవీకాలం రెండేళ్లు పెట్టండి, వరుసగా రెండు దఫాలకు మించి ఒకే పదవిలో ఉండకూడదని రాయండి. ఒక్క ఏడాదే అయితే పని పూర్తవదు, మూడేళ్లైతే కుర్చీకి అలవాటు పడతారు. కమిటీలో సగం మంది ఒక ఏడాది, సగం మంది మరుసటి ఏడాది దిగేట్టు చేస్తే ఇంకా మంచిది. లిఫ్టు కంపెనీవాడి ఫోన్ నంబరు తెలిసినవాడు ఒక్కడైనా ఎప్పుడూ ఉంటాడు.

సంఘం రిజిస్టరు చేయడానికి ఏడుగురు చాలని 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. అందరికీ తెలిసిన ముక్క ఇది. ప్రతి ఏడాదీ కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రారుకు పంపాలన్నది మాత్రం చాలామంది మర్చిపోతారు. మూడేళ్ల కిందటి జాబితాతో బ్యాంకుకు వెళ్తే కొత్త సంతకాలు మార్చరు. ఈ కాగితం పని కార్యదర్శిది అని మొదటి రోజే రాయండి.

అప్పగింత కూడా కాగితం మీదే. మినిట్స్ బుక్కు, చెక్కుబుక్కు, సంపు తాళం, జనరేటరు గది తాళం, సీసీ కెమెరాల పాస్‌వర్డు, కరెంటు బిల్లు వచ్చే ఫోన్ నంబరు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు. దిగిపోయే కార్యదర్శి, ఎక్కే కార్యదర్శి ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోవాలి. మా దగ్గర ఒకసారి అన్నీ అప్పగించారు, బ్యాంకు ఓటీపీ మాత్రం పాత కోశాధికారి సెల్లుకే వెళ్తోంది. ఆయన వారం రోజులు అరకులో మనవడితో ఉన్నాడు. సిగ్నలు దొరికినప్పుడల్లా అంకెలు చదివి వినిపించేవాడు.